మరొకరి నాడి

టీ కాచి వడకట్టేలోపే ఆమె ట్యాబ్ వైపు నాలుగుసార్లు చూసింది. వంటింట్లో డబ్బాల పక్కన గోడకు ఆనించి పెట్టిన ఆ పలక మీద ఒక ఆకుపచ్చ గుండె బొమ్మ, దాని పక్కన ఒక అంకె. డెబ్బై ఆరు. కాసేపటికి డెబ్బై ఎనిమిది. మళ్లీ డెబ్బై ఆరు.

"హమ్మయ్య, కుదురుగా ఉన్నారు," అనుకుని గ్లాసు అందుకుంది.

ఆ అంకె ఆమె భర్తది. వీధి చివరి పార్కులో నడుస్తున్న భర్త ముంజేతికున్న వాచీ అతని గుండె చప్పుడు లెక్కపెట్టి జేబులోని ఫోనుకు చెబితే, ఆ ఫోను ఇక్కడున్న ట్యాబ్‌కు చెప్పేది. గుండె ఆపరేషన్ అయి అతను ఇంటికి వచ్చిన వారంలోనే కూతురు ఆ వాచీ కొని తెచ్చి తండ్రి చేతికి తొడిగింది. "నువ్వు రోజంతా నాన్న మొహంలో మొహం పెట్టి చూస్తూ కూర్చోనక్కర్లేదమ్మా. ఇక్కడ చూస్తే చాలు," అంది. తల్లి మీద జాలితోనే అంది. ఆ జాలి తల్లికి బాగా నచ్చింది కూడా.

అతను ముప్పై ఏళ్లు ఒకే స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. రిటైరైనా ఆ చుట్టుపక్కల అందరికీ ఇంకా డ్రిల్లు మాస్టారే. గ్రౌండులో ఆయన విజిల్ ఊదితే రోడ్డు మీద పోయే కుక్కలు కూడా వరసలో నిలబడేవని నవ్వుకునేవాళ్లు. గ్రౌండులో అంత గొంతున్న మనిషికి ఇంట్లో మాత్రం మాటలు కరువు. ఆపరేషన్ తర్వాత ఆ ఉన్న నాలుగూ కూడా ఎండిపోయాయి.

"టీ తాగుతారా?"

"ఊఁ."

"నొప్పేమైనా ఉందా?"

"లేదు."

"పొద్దున నడిచారుగా, ఎలా ఉంది?"

భుజం ఎగరేసి పేపరు తీసేవాడు. అంతటితో ఆ పూటకు సరి.

ఆమె ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. పగలంతా ఎవరెవరి గొంతులనో ఎవరెవరికో కలిపి ఇంటికి వస్తే, భర్త మౌనం చెవులకు విశ్రాంతిలా ఉండేది. తర్వాత ఎక్స్ఛేంజీ మూతపడింది. కూతురు పెళ్లయి అదే నగరంలో ఆ చివరకు వెళ్లిపోయింది. ఉన్న మూడు గదులే ఒక్కసారిగా పెద్దవైపోయాయి. ఏ గదిలో ఉన్నా, పక్క గదిలో గడియారం నడవడం వినిపించేది.

అందుకే ఆ అంకె ఆమెకు తోడైంది. కూర తరుగుతూ దానితో మాట్లాడేది. "అదిగో, మెట్లెక్కుతున్నట్టున్నారు. మెల్లగా, మెల్లగా." కాసేపటికి, "ఎనభై! ఎవరో నవ్వించారు." పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త గురించి ఇంత సమాచారం ఆమెకు ఎప్పుడూ అందలేదు. అతను చెప్పనిది అంకె చెబుతోంది. అది ఎదురు ప్రశ్న వేయదు, విసుక్కోదు, పేపరు అడ్డం పెట్టుకోదు.

మొదట్లో మాత్రం ఆ అంకె ఆమెను హడలగొట్టింది. అతను కాస్త వేగంగా నడిచినా నూట యాభై, నూట అరవై అని ఎగిరిపడి, తెర మొత్తం ఎర్రబడి కీచుమనేది. ఆమె వెంటనే ఫోను చేసేది. "ఏమండీ, ఆగండి! ఉన్నచోటే కూర్చోండి! కూర్చున్నారా?" ఆ కేకలు ఫోనులోంచి పార్కంతా వినపడేవి. "మాస్టారూ, విజిల్ ఇప్పుడు ఇంట్లోంచి మోగుతోందే!" అని తోటివాళ్లు నవ్వేవారు. అతను ఇంటికొచ్చి, బూట్లు విప్పి, రెండూ ఒకే గీత మీద ఉండేలా పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయేవాడు.

తర్వాత్తర్వాత అంకె దానంతటదే దారికొచ్చింది. ఎర్ర రంగు కనపడటం మానేసింది. "నా పోరు పడలేక మాట విన్నారే," అని ఆమె కూతురితో ఫోనులో గర్వంగా చెప్పుకుంది.

ఆ ఉదయం టీ గ్లాసు పెదవుల దాకా వెళ్లనే లేదు. ట్యాబ్ కీచుమంది.

నూట నలభై. నూట అరవై రెండు. నూట డెబ్బై ఎనిమిది.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. అంకె తగ్గడం లేదు. పొయ్యి కట్టేసిందో లేదో కూడా చూసుకోకుండా, కాలికి దొరికిన చెప్పులు వేసుకుని వీధిలోకి పరిగెత్తింది. సగం దూరం పోయాక తెలిసింది, ఒకటి తన చెప్పు, ఒకటి ఆయనది. ఎదురింటావిడ "ఏమైందీ?" అని అడుగుతున్నా ఆగలేదు. దారి పొడవునా ఆమె కళ్లకు ఒకటే కనిపిస్తోంది, పార్కు బాట మీద బోర్లా పడిన మనిషి, చుట్టూ మూగిన జనం.

పార్కులో జనం మూగి ఉన్న మాట నిజమే. చెట్ల కింద ఓ పాతికమంది గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి టపటపా చప్పట్లు కొడుతూ, పెద్దగా నవ్వుతున్నారు. ఆరోగ్యం కోసం రోజూ పొద్దున్నే కలిసి నవ్వే బృందం అది. ఆమె ఆ మొహాలన్నీ గబగబా వెతికింది. భర్త లేడు. మళ్లీ ఫోను చేసింది. పక్కనే బెంచీ మీద, మడిచిన పేపరు కింద భర్త ఫోను మోగింది.

తలెత్తి చూసేసరికి ఎదురుగా కండక్టరు. ఎన్నో ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, భర్తకు ప్రాణస్నేహితుడు. తలపైకి రెండు చేతులూ ఎత్తి, ఒళ్లు మరిచి చప్పట్లు కొడుతున్నాడు. ఆయన ఎడమ చేతికి ఆ వాచీ ఉంది.

ఆమెను చూడగానే కండక్టరు నవ్వు నోట్లోనే ఆగిపోయింది. చుట్టూ మిగతావాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"చెల్లెమ్మా..."

"ఆయనేరీ?"

"అదీ... మాస్టారు... అంటే ఏమైందంటే..." కండక్టరు నీళ్లు నమిలాడు.

"అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. ఆయన ఉన్నారా?"

ఆ 'ఉన్నారా' అన్న మాటలో ఏముందో కండక్టరుకు అర్థమైంది. తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు.

"అయ్యయ్యో, ఎంత మాట! నిక్షేపంలా ఉన్నాడు. అదిగో, ఆ గోడ అవతల గ్రౌండులో. నేను వద్దనే చెప్పానమ్మా. రెండు నెలల బట్టీ చెబుతూనే ఉన్నా. కానీ బతిమాలితే కాదనలేను. టిక్కెట్టు లేనివాణ్ణి కూడా బస్సు దింపలేని గుండె నాది. వాచీ కట్టుకుని రోజూ బెంచీ మీదే కూర్చునేవాణ్ణి, ఇవాళే వీళ్లు చప్పట్లకి లాక్కొచ్చారు."

ఆమె ఆ మాటలు పూర్తిగా వినలేదు. గోడకున్న ఇనుప గేటు దగ్గరికి వెళ్లి చూసింది.

ఖాళీ గ్రౌండులో అతనొక్కడే పరిగెడుతున్నాడు. పెద్ద వేగమేమీ కాదు. మోచేతులు పక్కలకు ఆనించి, మడమలు తేలిగ్గా లేపుతూ, తనలో తాను ఏదో కూనిరాగం తీస్తున్నట్టుగా పరిగెడుతున్నాడు. ఆ మొహంలో చిన్న నవ్వు. ముందు ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రెండూ దాటాక ఇంకొకటి మెల్లగా తోచింది. ఈ మొహాన్ని ఆయన ఇంటికి ఎప్పుడూ తీసుకురాలేదు.

అతను మలుపు తిరిగి ఆమెను చూశాడు. ఆగిపోయాడు. తప్పు చేసి దొరికిన పిల్లాడిలా కుడి చేత్తో ఖాళీగా ఉన్న ఎడమ మణికట్టును మూసుకున్నాడు.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఆమె ముందు, ఆయన వెనక. వాళ్లు వచ్చేసరికి కూతురు గుమ్మంలో ఉంది. కూతురి ఫోనుకు కూడా ఆ ఎర్ర హెచ్చరిక వెళ్లింది. ఆఫీసుకని బయల్దేరింది కాస్తా సగం దారిలో బండి తిప్పుకుని వచ్చేసింది. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"నాన్నా! బాగానే ఉన్నారా? నూట డెబ్బై ఎనిమిది చూపించింది, నా కాళ్లూ చేతులూ ఆడలేదు!"

"అది మీ నాన్నది కాదు," అంది తల్లి. "కండక్టరుగారిది."

కూతురికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తండ్రి వైపు తిరిగింది. "గుండె ఆపరేషన్ అయిన మనిషి పరిగెత్తడమేంటి నాన్నా? అదీ వాచీ ఇంకొకళ్లకి కట్టి! అక్కడ పడిపోతే ఎవరికి తెలుస్తుంది? మేమేమో ఇక్కడ బాగున్నారనుకుంటూ కూర్చుంటాం."

అతను కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు.

"ఇన్నాళ్లూ నేను ఎవరి గుండెకు కాపలా కాశానండీ?" ఆమె గొంతు చిన్నగానే ఉంది. "చేతిలో టీ చల్లారిపోతుంటే ఎవరి అంకె చూస్తూ కూర్చున్నాను? అన్నయ్యగారు పేపర్లో ఏదో చదివి నవ్వుకుంటే, ఇక్కడ నేను మా ఆయన సంతోషంగా ఉన్నారని మురిసిపోయాను. ఆయన బెంచీ మీద కునుకు తీస్తే, మా ఆయన ఎంత నెమ్మదిగా నడుస్తున్నారో అని మెచ్చుకున్నాను. ఆ అంకెతో మాట్లాడానండీ నేను! నవ్వుకోండి. పరాయి మనిషి గుండెతో రెండు నెలలు కబుర్లు చెప్పుకున్నాను. మీరు ఒక్క మాట మాట్లాడితే నాకు ఆ ఖర్మ పట్టేదా?"

తాళ్లు విప్పే వేళ్లు ఆగిపోయాయి.

"మాట్లాడండి. ఇవాళైనా మాట్లాడండి."

"మాట్లాడాను," అన్నాడు అతను.

"ఎప్పుడు?"

"సైకిలు రోజున."

ఆ గదిలోనే ఓ మూల వ్యాయామం సైకిలు ఉంది. ఇప్పుడు దాని మీద ఉతికిన తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. పార్కుకు పంపడం భయమనిపించి, ఇంట్లోనే కళ్లెదుట తొక్కుతారని ఆమె ఆ సైకిలు కొనిపించింది.

"ఆ రోజు తొక్కుతుంటే ఛాతీ పట్టేసింది. ఏదోలా ఉందే అని నీతో అన్నాను. నువ్వు వంటింట్లో ఉన్నావు. 'ఎనభై నాలుగే ఉందండీ, ఏం లేదు, ఇంకాసేపు తొక్కండి' అన్నావు. ఇటు రాలేదు. నా మొహం చూడలేదు."

"నేనా? అలా అన్నానా?"

"అన్నావు. నేను తొక్కాను కూడా. దిగి, ఈ గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే అనుకున్నా, ఈ ఇంట్లో నా మాట చెల్లదని. వాచీ చెప్పిందే వేదం. పార్కులో నాకు ఏమీ లేనప్పుడు అది నూట అరవై అంటుంది. సైకిలు మీద ఊపిరాడనప్పుడు ఎనభై నాలుగు అంటుంది. రెండుసార్లూ నువ్వు దాన్నే నమ్మావు. మరి నేనెందుకు చెప్పాలి? మళ్లీ పార్కుకే వెళ్లి, దాన్ని కండక్టరు చేతికి కట్టాను. అది నోరు మూసుకుంది. నువ్వు సంతోషంగా ఉన్నావు. నేనూ నా మానాన నేనున్నాను."

ఆపరేషన్ అయ్యాక అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. చెప్పి, మళ్లీ బూట్ల మీదికి వంగాడు.

ఆమె ఆ రోజును గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. రాలేదు. కూర మాడుతోందేమో, తలుపు దగ్గర ఎవరైనా వచ్చారేమో. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఆయన ఇన్నాళ్లుగా మోస్తున్న గాయం తనకు ఒక జ్ఞాపకంగా కూడా మిగలలేదన్న సంగతి ఆమెను నిలువునా కోసేసింది.

కూతురు హెల్మెట్ కింద పెట్టేసింది. "ఛాతీ పట్టేసిందా? ఆ సంగతి డాక్టరుకి చెప్పారా?"

"లేదు."

"రేపే వెళ్తున్నాం," అంది కూతురు. అందులో బతిమాలడం లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఒంటరిగా కూర్చుంది. కండక్టరు విప్పి ఇచ్చేసిన వాచీ ఇప్పుడు హాల్లో బల్ల మీద పడి ఉంది. ట్యాబ్‌లో అంకె ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు మాత్రం ఉన్నాయి. పక్క గదిలో భర్త మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆయన వీపు కనిపిస్తోంది. లేచి వెళ్లి 'ఎలా ఉంది' అని అడగాలనుకుంది. గుమ్మం దాకా వెళ్లింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వేలమందికి వేలమందిని ఫోనులో కలిపిన మనిషికి, మంచానికీ గుమ్మానికీ మధ్య నాలుగు అడుగుల దూరం దాటడం చేతకాలేదు. తిరిగొచ్చి కూర్చుంది. ఆమెకు కబుర్లు చెప్పడానికి ఇప్పుడు కండక్టరు గుండె కూడా లేదు.

మర్నాడు ఆస్పత్రిలో గుండె డాక్టరమ్మ అంతా విన్నది. కూతురు చెప్పింది, తల్లి మధ్యలో అందుకుంది, మాస్టారు కిటికీ వైపు చూశాడు. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "వాచీ తెచ్చారా? మళ్లీ పెట్టుకోండి మాస్టారూ. ఒక పని చేద్దాం," అంది.

నడక యంత్రం ఎక్కించి ఆయన ఛాతీకి తీగలు అంటించారు. ఆ తీగలు పక్కనున్న పెద్ద తెరకు గుండె చప్పుడును గీతలుగా పంపుతున్నాయి. డాక్టరమ్మ భార్యను యంత్రం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "అమ్మా, మీరు వాచీలో అంకె పైకి చదవండి. నేను తెర మీది అంకె చదువుతాను," అంది.

ఆయన ఇంకా కదలకుండా నిలబడి ఉన్నాడు. "అరవై ఎనిమిది," అంది ఆమె.

"అరవై తొమ్మిది," అంది డాక్టరమ్మ. "చూశారా, కదలకుండా ఉన్నప్పుడు మంచిదే పాపం."

ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. యంత్రం కదిలింది. మాస్టారు చేతులు బాగా ఊపుతూ, కవాతు చేస్తున్నట్టు నడిచాడు.

"నూట ఆరు... నూట ఇరవై... నూట ముప్పై ఒకటి! డాక్టరుగారూ, ఆపండి!"

"ఇక్కడ తొంభై ఆరే ఉందమ్మా." డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది. "ఆ వాచీ అడుగున చిన్న లైటు ఉంటుంది. చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం ఆ వెలుగులో చూసి లెక్కపెడుతుంది. చెయ్యి ఊగితే ఆ ఊపుకి కూడా రక్తం అటూ ఇటూ కదులుతుంది కదా. ఏది గుండె దెబ్బో, ఏది అడుగు దెబ్బో దానికి తేడా తెలియదు. ఇప్పుడది ఆయన అడుగులు లెక్కపెడుతోంది. నిన్న మీ కండక్టరుగారి చప్పట్లు లెక్కపెట్టినట్టు."

కూతురు నవ్వబోయి ఆపుకుంది.

యంత్రాన్ని కొంచెం ఎత్తు చేశారు. "ఇప్పుడు ఆ కమ్మీ గట్టిగా పట్టుకోండి మాస్టారూ. సైకిలు పట్టుకున్నట్టు." ఆయన పట్టుకున్నాడు. అంకె దిగడం మొదలుపెట్టింది.

"తొంభై... ఎనభై ఆరు... ఎనభై రెండు," ఆమె చదువుతోంది. అంకె తగ్గుతోంటే అలవాటుగా ఆమె మనసు కూడా నెమ్మదించింది. "ఎనభై రెండు," అని మళ్లీ అంది.

డాక్టరమ్మ తన అంకె చదవలేదు. తెర మీదికి వంగి గీతలను చూస్తోంది. "మాస్టారూ, ఛాతీలో ఏమైనా అనిపిస్తోందా?"

సమాధానం రాలేదు. ఆమె వాచీ మీంచి చూపు ఎత్తింది. అప్పుడు కనిపించింది ఆయన మొహం. పై పెదవి మీద చెమట. చెంపలు బూడిద రంగులో ఉన్నాయి. ఆయన డాక్టరు వైపు చూడటం లేదు, తన వైపే చూస్తున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. సైకిలు రోజున తను చూడని మొహం ఇదేనని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆపండి!" ఆమె స్టూలు పడిపోయేలా లేచింది. "ఆయనకి నొప్పిగా ఉంది. ఆపండి!"

"పట్టేసినట్టుందే," అన్నాడు ఆయన, భార్యతో.

"తెలుస్తోందండీ. కనిపిస్తోంది," అంటూ ఆయన చేతిని కమ్మీ మీంచి విడదీసి తన భుజం మీద వేసుకుంది.

మంచం మీద పడుకోబెట్టి, నాలుక కింద మాత్ర పెట్టాక రంగు మెల్లగా తిరిగొచ్చింది. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. నిజమైన అంకె ఆ సమయానికి నూట పద్దెనిమిది. కమ్మీ బిగించి పట్టుకుంటే మణికట్టు దగ్గర రక్తం సరిగా ఆడదు, వాచీ కూడా చర్మాన్ని వదిలి పైకి లేస్తుంది, అందుకే తక్కువ చూపించింది. నొప్పి వచ్చిన మాట నిజం. కంగారు పడాల్సినంత లేదు కానీ మందులు మార్చాలి, వచ్చే వారం ఇంకో పరీక్ష చేయాలి.

"తప్పు ఒకరిది కాదు," అంది. "అమ్మగారు భయపడటంలో తప్పు లేదు. మీరు పరిగెత్తాలనుకోవడంలోనూ తప్పు లేదు. చెప్పకపోవడం మాత్రం తప్పే మాస్టారూ. నేను చెప్పేదాకా పరుగు మానేయండి. నడక మాత్రం మానకూడదు."

"మరి ఎంత వేగంగా నడవాలో ఎలా తెలుస్తుంది?" కూతురు అడిగింది. "ఈ వాచీ అబద్ధం చెబుతోంది కదా."

"దానికి ఈ వాచీలు పుట్టకముందు నుంచీ ఒక పద్ధతి ఉంది. నడుస్తూ మాట్లాడాలి. వాక్యం పూర్తి చేయగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగిపోతుంటే ఆగిపోవాలి. ఒంటరిగా నడవకూడదు, మౌనంగా అసలు నడవకూడదు."

"మాట్లాడాలా? ఎవరితో?" అన్నాడు మాస్టారు. నిజంగానే తెలియక అడిగాడు.

డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ తలెత్తకుండానే అంది, "ఆ మనిషి మాత్రం మందుల షాపులో దొరకరు మాస్టారూ."

తిరిగి కారులో బయల్దేరారు. వెనక సీట్లో కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "వాచీ ఇచ్చాక నేను రావడం తగ్గించేశానమ్మా. నా ఫోన్లో కూడా ఆకుపచ్చ రంగు కనపడితే, ఇవాళ్టికి ఫోను చేయక్కర్లేదులే అనుకునేదాన్ని." తల్లి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని ఇంటిదాకా అలాగే ఉంచుకుంది.

మొదటి రోజు నడక నవ్వులాటగా సాగింది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నారు. పార్కు గేటు దాటారు, పూల మళ్లు దాటారు.

"మాట్లాడండి," అంది ఆమె.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి."

అతను చాలాసేపు ఆలోచించి, "ఆ చెట్టు వంగింది," అన్నాడు.

"ఆఁ, వంగింది."

మళ్లీ పది అడుగులు. "గాలికి అయ్యుంటుంది."

రెండో రోజు స్కూలు సంగతులు వచ్చాయి. రిలే పందెంలో కర్ర బదులు తన చెప్పు అందించి పరిగెత్తిన పిల్ల గురించి చెబితే ఆమె పగలబడి నవ్వింది. ఇన్నేళ్లుగా ఈ కథ తనకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అలిసిపోయి వచ్చేదానివిగా," అన్నాడు. నిజమే. అప్పుడు తనే చెవులకు విశ్రాంతి అనుకుంది. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు, అంతే. ఆమె తన ఎక్స్ఛేంజీ కథలు తీసింది. భార్యాభర్తలు ఫోనులో పోట్లాడుకుంటుంటే లైను తెగిందని అబద్ధం చెప్పి ఆపిన రోజు గురించి చెప్పింది. అతను నవ్వాడు. గ్రౌండులో తను గేటు చాటు నుంచి చూసిన నవ్వు అది.

వారం తిరిగేసరికి రెండో పరీక్ష అయింది. మందులు పనిచేస్తున్నాయన్నారు. ఆ మర్నాడు వాళ్లు పార్కు వెనక ఉన్న చిన్న ఎత్తు దారిలో నడుస్తున్నారు. అతను మాట్లాడుతున్నాడు. ఆమె వింటూ, వాక్యాలు పూర్తవుతున్నాయో లేదో గమనించుకుంటోంది.

"ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు," అన్నాడు. "లిఫ్టు తలుపు మూసుకుంటుంటే నువ్వు అవతల నిలబడ్డావు. నేను నవ్వాను. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఎంత ధైర్యంగా ఉన్నారో అనుకున్నాను. అందరితో అదే చెప్పాను."

"ధైర్యం కాదు." దారిలో ఉన్న ఎండుటాకును కాలితో పక్కకు తోశాడు. "భయపడకండిరా, భయపడకండిరా అని పిల్లల్ని ముప్పై ఏళ్లు అదిలించినవాణ్ణి. ఆ రోజు కాళ్లు చల్లబడిపోయాయి. పైకప్పు తప్ప ఏమీ కనపడటం లేదు. నీ పేరు పెట్టి గట్టిగా పిలుద్దామనుకున్నాను. పిలిస్తే నువ్వు కంగారు పడతావని నవ్వేశాను. లిఫ్టు దిగేదాకా లోపల్లోపల నీ పేరే..."

మాట తెగింది.

ఆమె చటుక్కున ఆగింది. "ఆయాసమా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని మొహం చూసింది. గెడ్డం వణుకుతోంది. కళ్లు నిండి ఉన్నాయి. అది ఊపిరి అందక తెగిన మాట కాదు.

"మీరు పిలిచుంటే వచ్చేసేదాన్ని," అంది ఆమె.

"రానివ్వరే, లోపలికి."

"రానివ్వకపోయినా వచ్చేదాన్ని." దారి పక్కన ఉన్న రాతి గట్టు మీద అతణ్ణి కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. నడిచేవాళ్లు ఇద్దరు ముగ్గురు వాళ్ల వైపు చూసుకుంటూ పోయారు. చూడనీ అనుకుంది.

"ఇప్పుడు పిలవండి," అంది కాసేపటికి.

"పక్కనే ఉన్నావుగా."

"ఉన్నా సరే. పిలవండి."

అతను తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. సిగ్గుపడ్డాడు. ఆ వయసులో, అంత పొద్దున్న, నలుగురూ తిరిగే దారిలో, గొంతు సవరించుకుని ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"ఊఁ," అంది ఆమె, అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని. "ఇక్కడే ఉన్నానండీ."